అడగడం మానేసిన ఆకలి

చలిమిడికి బెల్లం పాకం ముదిరే వాసన తగిలితే ఎవరికైనా నోరు ఊరుతుంది. నాకు మాత్రం ఒక పురిటి గది గుర్తొస్తుంది. మొన్న అమలాపురంలో మా అన్నయ్య ఇంట్లో అదే జరిగింది. అన్నయ్య కూతురు పద్మకి పెళ్ళైన ఆరేళ్ళకి కడుపు పండిందని, ఐదో నెల చలిమిడి పెడుతున్నారని కబురొస్తే స్కూలుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. వంటింట్లో ఇత్తడి గిన్నెలో పాకం కుతకుతమంటోంది. మా వదిన పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, అందులో ఒక చుక్క పాకం వేసి, వేలితో ఉండకట్టి చూస్తోంది. హాల్లో పద్మని పీట మీద కూర్చోబెట్టి మా మేనత్త కథ మొదలుపెట్టింది. ఈ కథ ఆవిడ ప్రతి సీమంతానికీ, ప్రతి పురిటికీ చెబుతుంది. "మా అమ్మ పథ్యమంటే పథ్యమేనే. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ దక్కుతుందని ఎవరూ అనుకోలేదు. మా అమ్మ లంఖణాలు పెట్టి, ఒళ్ళు తేలికచేసి, తొమ్మిదో నాడు తన చేత్తో గంజి పోసి నిలబెట్టింది. ఇప్పటి డాక్టర్లకేం తెలుసు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు.

నేను ఊపలేదు. "తొమ్మిదో నాడు కాదత్తయ్యా, ఆరో నాడు. పోసింది మామ్మ కాదు, సువార్తమ్మ గారు" అన్నాను.

"నువ్వు మొదలుపెట్టకే తల్లీ. శుభమా అని చలిమిడి పెడుతుంటే ఈ తగువెందుకు?"

"తగువేముంది, జరిగింది చెబుతున్నాను."

"జరిగినప్పుడు నీకు పదమూడేళ్ళు. నాకు ముప్పై."

"నువ్వప్పుడు మండపేటలో మీ అత్తారింట్లో ఉన్నావు. నేను ఆ గదిలో ఉన్నాను."

అత్తయ్య, "ఎవరో మంత్రసాని వచ్చి వెళ్తుండేదిలే" అని, పద్మ మెడకి గంధం రాయడంలో పడిపోయింది.

ఆ 'ఎవరో' అన్న మాట కోసమే ఇది రాస్తున్నాను. సువార్తమ్మ గారు మంత్రసాని కారు. ఆమె తల్లి మంత్రసాని. ఈమె మిషను ఆసుపత్రిలో రెండేళ్ళు పని నేర్చుకుని వచ్చి, కొత్తపేట చుట్టుపక్కల పల్లెల్లో పురుళ్ళు పోసిన నర్సు. మా ఊరి కాలవ అవతల, క్రైస్తవుల పేటలో ఉండేవారు. పొడుగు మనిషి. సన్నంచు తెల్లచీర, ఒక చేతిలో రేకుపెట్టె, రెండో చేతిలో నల్లగొడుగు. మా వీధి మొదట్లో చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుని, గొడుగు ముడిచి, ఎండైనా వానైనా అలాగే నడిచి మా పెరటి గుమ్మానికి వచ్చేవారు. అది అప్పటి మా ఊరి మర్యాద. ఆ మర్యాద ఎవరు ఎవరికి ఇచ్చేదో నాకు చాలాకాలం దాకా తట్టలేదు. ఆమెకప్పటికి నలభై ఏళ్ళుంటాయి. పదమూడేళ్ళ నేను "సువార్తమ్మా, ఇలా రా" అనేదాన్ని. ఆమె నన్ను "పాపగారూ" అనేవారు. ఈ 'గారు' ఆమె బతికుండగా నేను ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు కాగితం మీద ఎన్నిసార్లు రాసినా వెనక్కి వెళ్ళి ఆమె చెవిన పడదు. అయినా రాస్తాను.

ఆమె మా ఇంటికి రావడానికి కారణం నా చాడీ. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే ఇంటి తాళాలు మామ్మ, అంటే మా నాన్న తల్లి, బొడ్లో ఉండేవి. రెండో ప్రపంచయుద్ధం ముగిసినా రేషను కంట్రోలు ముగియని రోజులు. పంచదార కార్డు మీద చారెడు వస్తే అది చుట్టాల కాఫీకి. ఇంట్లో తీపి అంటే కుండలో దాచిన బెల్లమే, ఆ కుండ మీద మామ్మ కన్ను ఎప్పుడూ ఉండేది. మా వదిన రాజోలు వైపు నుంచి వచ్చిన పిల్ల. పద్దెనిమిదేళ్ళు, ఆరో నెల. పుట్టింట్లో చేసేవాళ్ళు లేక పురుడు మా ఇంట్లోనే పోయాలనుకున్నారు. అన్నయ్య రాజమండ్రిలో ప్లీడరు గారి దగ్గర గుమాస్తా, నెలకొకసారి వచ్చేవాడు. ఒకరోజు మధ్యాహ్నం వదిన బెల్లం గడ్డ కొంగులో దాచుకుని పశువుల పాక వెనక్కి వెళ్తుంటే చూశాను. వెంటనే వెళ్ళి మామ్మకి చెప్పాను. ఎందుకు చెప్పానంటే, నాక్కూడా బెల్లం మీద ఆశగానే ఉండేది, నేను అడిగి తిట్లు తింటుంటే వదిన అడక్కుండా తినడమేమిటని.

మామ్మ వదినని పట్టుకుని దులిపేసింది. "కడుపుతో ఉన్నదానివి, ఏం కావాలన్నా అడిగితే పెట్టనా? ఇదేం తీపి యావే నీకు? ఇదేం కక్కుర్తి?" అంది. వదిన ఆ మర్నాటి నుంచి అన్నం దగ్గర కూడా తల ఎత్తడం మానేసింది. ఆ వారంలోనే ఒకసారి మెట్టు దిగుతూ కళ్ళు తిరిగి కూలబడితే, మామ్మ కంగారుపడి పేటకి కబురు పెట్టింది.

సువార్తమ్మ గారు వచ్చి వదినని పెరటి అరుగు మీద కూర్చోబెట్టుకున్నారు. మామ్మ గుమ్మంలో నిలబడి బెల్లం భాగోతం మొత్తం చెప్పింది. ఆమె వింటూనే వదిన గోరు నొక్కి వదిలి, కింది కనురెప్ప లాగి చూశారు. తరవాత వదినని ఏమీ అడగలేదు. నావైపు తిరిగారు.

"చూసింది మీరే కదండీ పాపగారూ?"

"నేనే. దొంగతనంగా తింది."

"దొంగతనం సంగతి తరవాత చూద్దారండి. అన్నానికి ముందా, తరవాతా?"

"తరవాత. కడుపునిండా తిన్నాకే."

"కొరికేరా, చప్పరించేరా?"

"చప్పరించింది. గోడవైపు తిరిగి."

"గోడవైపు ఎందుకండీ?"

అప్పటిదాకా నాకది తట్టలేదు. ఆమె అడిగేసరికి చూసిందంతా మళ్ళీ కళ్ళముందుకి వచ్చింది. వాన పడి తడిసిన పాక గోడ. వదిన గోటితో గీకి, ఆ పెచ్చు నోట్లో వేసుకుని, పైన బెల్లం ముక్క చప్పరించడం. "గోడ కూడా తింది" అన్నాను మెల్లగా. వదిన రెండు చేతుల్తో మొహం కప్పేసుకుంది. సువార్తమ్మ గారు లేచి వెళ్ళి పాక గోడ చూసి వచ్చారు. నడుం ఎత్తున చేటంత మేర గోకి ఉంది. మా ఇంట్లో పోయిన బెల్లాన్ని అందరం చూశాం గాని, పోయిన గోడని ఎవరం చూడలేదు.

"పెద్దమ్మగారండీ, ఇది తీపి యావ కాదండి. కక్కుర్తి అసలే కాదండి. అమ్మగారి ఒంట్లో రక్తం ఇంకిపోయింది. మన్ను అడుగుతున్నది రక్తమేనండి. మన్ను గొంతు దిగదు కాబట్టి బెల్లం సాయం తీసుకున్నారు."

"రక్తానికి నోరుంటుందటే?" అంది మామ్మ.

"లేదండి. అందుకే మనిషి నోరు వాడుకుంటుందండి."

తోటకూర, మునగాకు, నువ్వులూ బెల్లం దంచిన ఉండలు, వారానికి రెండుసార్లు మేక కార్జం అని చెప్పారు. మామ్మ గొణుక్కుంటూనే ఒప్పుకుంది. ఒప్పుకుని, తాళం తీసి, వదిన చేతిలో బెల్లం గడ్డ పెట్టింది. నేనక్కడ నుంచి జారుకోబోతుంటే సువార్తమ్మ గారు ఆపారు. చాడీలు చెప్పినందుకు తిడతారనుకున్నాను. "చూసింది చెప్పడం తప్పు కాదండి పాపగారూ. చూసినదాంట్లో సగమే చెప్పడం తప్పు" అన్నారు. నా జీవితంలో నన్ను దులపకుండా నా తప్పు చూపించిన మొదటి మనిషి ఆమె. నా చాడీని తీసుకుని సాక్ష్యంగా మార్చేశారు. ఆమె రేకుపెట్టెలో ఏముంటుందో గాని, అసలు మందు ఆ ప్రశ్నల్లో ఉందనిపించింది.

ఆ తరవాత ఆమె వదినని చూడడానికి వచ్చినప్పుడల్లా నేను కాలవ వంతెన దాకా వెంటపడేదాన్ని. వెంటపడి వాదించేదాన్ని. ఆకలి ఆకలే కదా, దానికిన్ని పేర్లేమిటి అని. ఒకసారి ఇలాగే అంటే ఆమె ఆగి, "ఇప్పుడు మీకేం తినాలనుందండీ?" అన్నారు. "కొబ్బరి లౌజు" అన్నాను. "పొద్దుటి చద్దన్నం పెడితే తింటారా?" "తినను." "అయితే మీది యావండి. యావ తప్పేం కాదు, దానికీ ఓ ముక్క పెట్టాలి. కాని దాన్ని ఆకలి అని పిలవకండి. ఆకలి వింటే నొచ్చుకుంటుంది."

ఆమెకి ఆ మాటలు వంటింటి దినుసుల్లా దేని డబ్బా దానికుండేవి. మా చేలో ఊడ్పులకి వచ్చే ఒకావిడ ఉండేది. గంజి పోసేసరికి రెండు చేతుల్తో లాక్కుని, వేడి అని కూడా చూడకుండా తాగి, నోరు కాలి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ తాగేది. మా ఇంట్లో అందరికీ ఆవిడ నవ్వులాట. నేను నవ్వుతూ ఆ సంగతి చెబితే సువార్తమ్మ గారు నవ్వలేదు. "దాన్ని ఆబ అంటారండి. ఎప్పుడో చిన్నప్పుడు పెద్ద కరువు చూసుంటుంది. ఇప్పుడు కుండెడు ముందు పెట్టినా ఒళ్ళు నమ్మదు. ఆబకి అన్నం ఒక్కటే చాలదండి. రేపు కూడా పెడతామని చెప్పాలి" అన్నారు. "మరి కక్కుర్తి?" అని అడిగాను. "కక్కుర్తి అనే జబ్బు నేనింతవరకూ చూడలేదండి. కడుపు నిండినోళ్ళు పక్కోళ్ళకి పెట్టే పేరది." ఆ మాట నేను ఇంటికి తెచ్చి మామ్మ ముందు అన్నాను. మామ్మ నా నెత్తిన ఒకటిచ్చింది. అయినా ఆ మాట పోలేదు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఆమె ఒకరోజు వంతెన మీద చెప్పారు. పలివెలలో ఎవరికో పురుడు పోసి అలిసిపోయి వస్తున్నారు. "మనిషి అడిగినంతసేపూ భయం లేదండి పాపగారూ. ఏడిచి అడిగినా, తిట్టి అడిగినా, దొంగిలించి తిన్నా సరేనండి. అడగడం మానేసిందనుకోండి, అప్పుడు పరిగెత్తాలి." ఎవరి గురించి అన్నారో అడగలేదు. అడిగేలా లేదు ఆమె మొహం.

శ్రావణమాసంలో పద్మ పుట్టింది. కాన్పు సువార్తమ్మ గారే చేశారు. రక్తం బాగా పోయింది. "గంజీ, చారూ, పాలూ ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. ఈ ఒంటికి లంఖణం పనికిరాదండి" అని మామ్మకి మూడుసార్లు చెప్పి వెళ్ళారు. మామ్మ సరేనంది. అని, ఆమె కాలవ దాటగానే పథ్యం మొదలుపెట్టింది. పచ్చి ఒళ్ళని నీళ్ళు లేవు, వేడి చేస్తుందని పాలు లేవు, పొద్దున శొంఠీ మిరియాలూ నూరిన కాయం ముద్ద ఒక నిమ్మకాయంత, సాయంత్రం మరొకటి. మామ్మ రాక్షసి కాదు, అది కూడా చెప్పాలి. ఆవిడ పెద్దకూతురు, మా అత్తయ్య అక్క, తొలికాన్పులో నాలుగో నాడు బతిమాలి బతిమాలి పెరుగన్నం తిని, ఆ సాయంత్రమే సన్నిపాత జ్వరం కమ్మి పోయింది. ఆ ముద్ద కలిపి పెట్టింది మామ్మే. ఆ రోజు నుంచి బాలింత నోటికీ అన్నానికీ మధ్య మామ్మ గోడలా నిలబడేది. అది భయం. భయంతో చేసేదాన్ని మనవాళ్ళు ఆచారం అంటారు.

మొదటి మూడు రోజులూ వదిన అడిగింది. ఏడ్చింది. నన్ను పిలిచి, "ఒక్క గుక్క నీళ్ళు, నీ కడుపున పుడతాను" అని బతిమాలింది. నాలుగో రోజు ఉట్టి కేసి చూస్తూ పడుకుంది. ఐదో రోజు అడగలేదు. ఆరో రోజు బాగా పొద్దెక్కాక మామ్మ గదిలోంచి వచ్చి, "హమ్మయ్య, పథ్యం ఒంటబట్టింది. ఆకలి అణిగింది పిల్లకి. చూడు, ఎంత నెమ్మదిగా పడుకుందో" అంది. ఇంట్లో అందరి మొహాలూ తేటపడ్డాయి. మా నాన్న పైపంచె దులుపుకుని చేలోకి వెళ్ళిపోయాడు. నేను గదిలోకి తొంగిచూశాను. పసిపిల్ల ఏడుస్తోంది, వదిన తల తిప్పడం లేదు. అప్పుడు వంతెన మీది మాట గుర్తొచ్చింది. వెంటనే పరిగెత్తాను.

పేటలోకి అంతకుముందు నేను ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళకూడదు. బురదలో జారుకుంటూ, ఎవరినో అడిగి ఆమె ఇల్లు పట్టుకున్నాను. అప్పటికి మధ్యాహ్నం అయింది. ఆమె ఆలమూరు వైపు ఏదో కాన్పుకి వెళ్ళి రెండు రోజుల తరవాత అప్పుడే ఇల్లు చేరారట. రేకుపెట్టె ఇంకా గడప మీదే ఉంది. సత్తు కంచంలో గంజన్నం, పక్కన ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. కంచం ముందు కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. నా రొప్పు విని కళ్ళు తెరిచారు.

"అడుగుతున్నారా?" అన్నారు. ఎవరని కూడా అడగలేదు.

"లేదు. నిన్నటి నుంచి."

ప్రార్థన పూర్తిచేయలేదు. ఇంకో కంచం తీసి దాని మీద బోర్లించి, లేచారు. మా వీధి మొదట్లో చెప్పులు విప్పడానికి ఆగుతారని చూశాను. ఆ రోజు అసలు తొడుక్కోనే లేదు.

పురిటి గదికి పెరటివైపు గుమ్మం ఉండేది. పురుటి మైల ఉన్న పది రోజులూ ఆమెకి అందులోకి రావడానికి అభ్యంతరం ఉండేది కాదు. మా ఇంట్లో అందరూ తప్పుకు తిరిగే గది ఒక్కటే ఆమెకి తెరిచి ఉండేది. మామ్మ ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గంజి పోస్తావా? పచ్చి ఒళ్ళే అది. సన్నిపాతం వస్తే ఎవరిదే పూచీ?"

"నాదేనండి."

"నా కూతుర్ని తిండే చంపిందే సువార్తా."

"తెలుసండి పెద్దమ్మగారూ. ఆ పురుటికి వచ్చింది మా అమ్మేనండి. ఆ తరవాత మూడేళ్ళు ఈ చుట్టుపక్కల ఎవ్వరూ మా అమ్మని గుమ్మం తొక్కనివ్వలేదు. మేము ఏం తిని బతికేమో మాకు తెలుసు. ఇవాళ ఈ అమ్మగారికి ఏదైనా అయితే నా గతీ అదేనండి. అయినా పోస్తాను. మీరు తప్పుకోండి."

మామ్మతో అలా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. గొంతు పెంచలేదు. అండీ అనడం మానలేదు. మామ్మ తప్పుకుంది. తప్పుకుని, గుమ్మం పక్కనే చతికిలబడి మొహాన కొంగు కప్పుకుంది.

పల్చటి గంజి, చిటికెడు ఉప్పు, బెల్లం ముక్క. చెంచా పెద్దదైపోతుందని పసిపిల్ల ఉగ్గుగిన్నె తెమ్మన్నారు. వదిన తల ఒళ్ళో పెట్టుకుని, ముందు తడిగుడ్డతో పెదాలు అద్ది, తరవాత ఉగ్గుగిన్నె మూతి నోటి చివర ఆనించారు. గంజి బుగ్గ మీదుగా కారిపోయింది. మళ్ళీ పోశారు. మళ్ళీ కారింది. "పాపగారూ, నాకు నిన్నటి నుంచి నిద్ర లేదు, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. మీ కళ్ళు చురుకు. గొంతు మీద పెట్టండి. గుటక పడితే చెప్పండి. పడకుండా పడిందనకండి, ప్రాణం పోతుంది" అన్నారు. నేను వదిన మెడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎన్నో బొట్టుకో, గొంతు మధ్యన చర్మం కింద ఏదో చిన్నగా పైకి లేచి దిగింది. "పడింది" అన్నాను. ఆమె ఒక్క బొట్టు పోశారు. ఆగారు. "పడింది." మళ్ళీ ఒక్క బొట్టు. ఎండ వాలి, గోడ మీది వెలుగు కిందికి దిగి, పశువులు ఇంటికి వచ్చేదాకా మా ఇద్దరి మధ్య ఆ గదిలో అదొక్కటే మాట. నేను తరవాత ఎన్నో గొప్ప చోట్లు చూశాను, ఎందరో పెద్దల ఉపన్యాసాలు విన్నాను. ఒక మనిషి ఇంకో మనిషిని బొట్టు బొట్టుగా వెనక్కి పిలవడం మాత్రం ఆ ఒక్క మధ్యాహ్నమే చూశాను.

దీపం వేళకి వదిన కళ్ళు తెరిచి, పెదాలు నాక్కుని, "ఇంకొంచెం" అంది. మామ్మ గుమ్మంలోనుంచే బావురుమంది. సువార్తమ్మ గారు ఏడవలేదు, నవ్వలేదు. "అడిగేరు" అని మాత్రం అన్నారు, నాకు.

చేతులు కడుక్కుని పెరట్లోకి వచ్చాక మామ్మ ఆమె దగ్గరికి వచ్చింది. మామ్మ గొంతు అంత మెత్తగా నేను ఎప్పుడూ వినలేదు. "పాక దగ్గర ఆకు వేయిస్తానే సువార్తా. వేడన్నం ఉంది, ముక్కల పులుసు ఉంది. రెండు ముద్దలు తిని వెళ్ళు." మామ్మకి అది చాలా పెద్ద మాట. సువార్తమ్మ గారు ఆ గోకిన గోడవైపు ఒకసారి చూశారు. "ఆయ్, ఇప్పుడే తిని వచ్చేనండి పెద్దమ్మగారూ" అన్నారు.

ఆ మాట అన్నాక ఆమె గొంతులో గుటక పడింది. వంటింట్లోంచి పులుసు వాసన వస్తోంది. మధ్యాహ్నం నుంచీ గొంతే చూసిన కళ్ళు నావి, ఎలా తప్పుతుంది. ఆమె మూత పెట్టి వచ్చిన కంచం నేను చూశాను. అందులోంచి ఒక్క మెతుకు కూడా నోట్లోకి వెళ్ళలేదని నాకొక్కదానికే తెలుసు. ఆమె గుటక వేసి, తల తిప్పి, నన్ను చూశారు. నేను నేలకేసి చూశాను. ఆమె రేకుపెట్టె తీసుకుని చీకటి ముదరకుండా కాలవ దాటాలని వెళ్ళిపోయారు.

నాలుగేళ్ళ తరవాత నేను కాకినాడ కాలేజీకి బయలుదేరాను. అప్పుడు మాకు గోదావరి దాటాలంటే పడవే. మా నాన్న, నేను, ఒక ట్రంకుపెట్టె. జొన్నాడ వెళ్ళే పడవ ఎక్కుతుంటే, రేవులో సువార్తమ్మ గారు కనబడ్డారు. అరిటాకులో కట్టిన పొట్లం నా చేతిలో పెట్టారు. బియ్యప్పిండీ బెల్లం కలిపి నూనెలో వేయించిన పోకుండలు, ఇంకా వేడిగా ఉన్నాయి. పడవ నడిగోదాట్లోకి వెళ్ళాక మా నాన్న అటూ ఇటూ చూసి, "ఎందుకొచ్చిన గొడవ, నీళ్ళలో వదిలెయ్యమ్మా" అన్నాడు. నేను పొట్లం విప్పి, ఆయన చూస్తుండగానే ఒకటి తిన్నాను. రెండోది కూడా తిన్నాను. మూడోది ఆయనకి ఇవ్వబోతే మొహం తిప్పుకున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు ఆ సంగతి ఆమెకి గొప్పగా చెప్పాను. "ఆకలితో తిన్నారా, యావతోనా అండీ?" అన్నారు. "తగువుతో" అన్నాను. ఆమె వంతెన పిట్టగోడ పట్టుకుని నవ్వారు. "అదో రకం ఉందని నాకు తెలవదండి. రాసుకోవాలి."

రాసుకున్నారో లేదో. మరుసటేడు వదిన ఉత్తరం రాసింది, సువార్తమ్మ జ్వరంతో పోయిందని. ఏ ఊరి కాన్పు నుంచో వానలో తడిసి వచ్చిందని. ఉత్తరం చదివేటప్పుడు హాస్టల్లో భోజనాల గంట కొట్టారు. వెళ్ళి కూర్చుని కడుపునిండా తిన్నాను. అది ఏ రకం ఆకలో ఆమెని అడిగితే చెప్పేవారు.

ఇప్పుడు ఇరవయ్యేళ్ళుగా హైస్కూల్లో పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. తగువులమారినని నాకు పేరు. పొద్దున ప్రార్థనకి వరసలో నిలబడ్డ పిల్లల్ని "తిన్నారా" అని నేను అడగను. అందరూ తిన్నామనే అంటారు. తోటి టీచరు టిఫిను డబ్బా మూత తీసినప్పుడు ఎవరి గొంతు కదిలిందో చూస్తాను. చూశాక ఊరుకోను. ఏదో పని చెప్పి స్టాఫు రూములోకి పిలుస్తాను, తలుపు వేసి కుర్చీలో కూర్చోబెట్టి పెడతాను. అరుగు మీద పెట్టను.

మొన్న చలిమిడి పెట్టడం అయ్యాక, అత్తయ్య వినేలా వదిన వంటింట్లోంచి "ఆరో నాడే" అంది. అంతే అంది. చేతిలో చలిమిడి ముద్ద పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "బెల్లం ముక్క నోట్లో కరగడం నాకు గుర్తుంది. ఎవరి ఒళ్ళో ఉన్నానో గుర్తులేదు" అంది. చెప్పాను. మొత్తం చెప్పాను, బోర్లించిన కంచం దాకా. వదిన చాలాసేపు ఆ ముద్ద తినకుండా కూర్చుంది. సగమే చెప్పడం తప్పని నాకు నేర్పిన మనిషి విషయంలోనే, నేను సగం దాచుకుని ఇన్నేళ్ళు తిరిగాను. ఆమె చేతి తీపి నడిగోదాట్లో తిని వీరురాలిననుకున్నాను. ఆమెకి మాత్రం నా చేత్తో ఒక్క ముద్ద పెట్టలేదు.

ఇక ఒక్కటి మిగిలింది. అత్తయ్యతో గెలిచినా, ఎవరితో గెలిచినా ఇది తేలదు. ఆ సాయంత్రం మా పెరట్లో గుటక వేసి, తల తిప్పి నన్ను చూసినప్పుడు, నేను కనిపెట్టేశానని ఆమెకి తెలుసా? తెలిసి, "మామ్మా, ఆవిడ తినలేదు, లోపలికి పిలిచి పీట వెయ్యి" అని నేనంటానేమోనని, ఆ ఒక్క క్షణం ఎదురుచూశారా?